అప్‌డేట్: కీక్యాడ్ కోసం మింట్ వేశాను

భీమవరం దగ్గర రొయ్యల చెరువులకి ఏరియేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) కంట్రోలర్ సర్క్యూట్ బోర్డు గీస్తున్నా, 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో కీక్యాడ్‌కి (ఇలాంటి బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్) లినక్స్‌లలో డెబియన్ మంచిదా, ఫెడోరానా, మింటా అని అడిగాను కదా. మింట్ 22 సిన్నమన్ (సిన్నమన్ అంటే దాని డెస్క్‌టాప్) వేశాను, హాయిగా నడుస్తోంది.

డెబియన్ 12 ఎందుకు వద్దనుకున్నానంటే, దాని మామూలు రిపోలో (సాఫ్ట్‌వేర్ దించుకునే చోటు) కీక్యాడ్ 6 దగ్గరే ఆగిపోయింది, కాకినాడ నుంచి మా బావ 9లో సేవ్ చేసి పంపే ఫైళ్లు అందులో తెరుచుకోవు (పాతవి కొత్తదాంట్లో తెరుచుకుంటాయి, అటుది ఇటు కుదరదు). ఫెడోరాలో వెర్షన్ గొడవ లేదు గానీ అది వేలాండ్ (స్క్రీన్ మీద విండోలు చూపించే కొత్త పద్ధతి) మీద నడుస్తుంది, వేలాండ్‌లో కర్సర్ ఇబ్బందులుంటాయని కీక్యాడ్ వాళ్లే చెబుతున్నారు. సిన్నమన్ మామూలుగా పాత పద్ధతి ఎక్స్11 మీదే ఉంటుంది. మింట్ 22కి పునాది ఉబుంటు 24.04 కాబట్టి కీక్యాడ్ వాళ్ల పీపీఏ (ఉబుంటు కోసం వాళ్లు పెట్టిన సొంత రిపో) నేరుగా పనిచేసింది. బోర్డు మీది విడిభాగాల త్రీడీ మోడళ్లు మాత్రం జీబీల్లో ఉంటాయి, మా ఊరి నెట్‌కి రాత్రి పెట్టి పడుకోవడమే.

బోర్డులో రిలే (ఏరియేటర్‌ని ఆన్-ఆఫ్ చేసే స్విచ్) కింద మెయిన్స్ కరెంటు ట్రాకుకీ (రాగి గీత) 5 వోల్టుల ట్రాకుకీ మధ్య 8 మిల్లీమీటర్లు వదిలి, మధ్యలో ఒక స్లాట్ (చీలిక) కూడా కోయించాను, చెరువు గట్టు మీద ఆ ఉప్పుగాలికి అంత జాగ్రత్త అవసరమే. డీఆర్‌సీలో (గీసిన బోర్డులో తప్పులు పట్టే కీక్యాడ్ చెకింగ్) దానికో రూల్ రాస్తే ట్రాకు దగ్గరికి జరిగినప్పుడల్లా గోల పెడుతోంది.

ఈఎస్‌పీ32కి (కంట్రోలర్ చిప్) ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు పోర్టు పర్మిషన్ లేదంటే టెన్షన్ పడకండి, మీ యూజర్‌ని డయలౌట్ గ్రూపులో (పోర్టు వాడే అనుమతి ఉన్న గ్రూపు) చేర్చి ఒకసారి లాగౌట్ అయి రండి.