బాలమురళి గారిది ఏ ఊరు? మన విద్వాంసుల ఊళ్లు మనకెంత తెలుసు?

క్విజ్ మాస్టారు:
మా తెలుగు సంఘం ఉగాది వేడుకలో ఒక క్విజ్ పెట్టాను. నేను సంగీతకారుడి పేరు చెబుతాను, వాళ్లు ఊరు చెప్పాలి. జవాబులు చూస్తే బెంగ వేసింది. ఘంటసాల, సుశీల, బాలమురళీకృష్ణ, ముగ్గురికీ చాలామంది చెన్నై అనే రాశారు. వీణ చిట్టిబాబు గారిది కాకినాడ అని ఒక్క పెద్దాయన చెప్పారు. బాలమురళి గారికి నేను పెట్టుకున్న జవాబు రాజోలు ప్రాంతంలోని శంకరగుప్తం, ఆయన పుట్టిన ఊరు. విజయవాడ అని రాసినవాళ్లు మార్కు ఇవ్వాల్సిందేనని పట్టుబట్టారు, నేను ఇవ్వలేదు. మీరేమంటారు?

కృష్ణలంక వాసి:
ఇవ్వాల్సిందే. ఆయన గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు ఉన్నది విజయవాడలో. త్యాగరాజ స్వామి శిష్య పరంపర ఆ గురువు ద్వారానే ఆయనకు అందింది. ఎనిమిదేళ్ల వయసులో తొలి కచేరీ విజయవాడలో. మా రేడియో స్టేషన్లో పనిచేశారు, మా సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. రేడియోలో భక్తిరంజని పాటలు వింటూ పెరిగిన ఇళ్లు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. శంకరగుప్తంలో పుట్టారు, అంతే.

గోదారి గట్టు:
'అంతే' ఏమిటండీ? తల్లి సూర్యకాంతమ్మ గారు వీణ వాయించేవారు. తండ్రి పట్టాభిరామయ్య గారు వేణువు, వయొలిన్, వీణ మూడూ వాయించేవారు. సంగీతం ఆ ఇంట్లోనే ఉంది. విజయవాడ వెళ్లాక వచ్చింది కాదు.

కృష్ణలంక వాసి:
తల్లి ఆయన పసికందుగా ఉండగానే పోయారు. నెలల బిడ్డ వీణ విని నేర్చుకున్నాడంటారా?

గోదారి గట్టు:
నేను అలా అనలేదు. ఆ కుటుంబం ఏ నేల మీద తయారైందో చెబుతున్నాను. మా రాజోలు ప్రాంతం పేరు చెబితే జనానికి కొబ్బరికాయలూ గోదావరి వరదలూ తప్ప ఇంకేమీ గుర్తురాదు. 2022 నుంచి మాకు కోనసీమ జిల్లా ఉంది. ఇప్పటికీ క్విజ్ పుస్తకాల్లో తూర్పు గోదావరి అనే ఉంటుంది. గాయకుడు వోలేటి వెంకటేశ్వర్లు గారిదీ రాజోలే. ఎంతమందికి తెలుసు?

నెల్లూరు కుర్రాడు:
మాకు ఈ తలనొప్పి లేదు. గాయకుడు ఎస్పీ బాలు గారిది నెల్లూరే.

గోదారి గట్టు:
పుట్టింది కోనేటమ్మపేట బ్రదర్. ఇప్పుడది తమిళనాడులో ఉంది.

నెల్లూరు కుర్రాడు:
సొంత ఇల్లు మా ఊళ్లోనే. 2020లో వేద పాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చేశారు. ఇంతకంటే ఏం కావాలి?

విజయనగరం కోట:
పుట్టిన ఊరే లెక్క అయితే ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని బెంగళూరు వాళ్లకు ఇచ్చేయాలి. 1893లో ఆయన పుట్టింది అక్కడే. కానీ ద్వారం వారంటే విజయనగరమే. 1919లో మా మహారాజా వారు సంగీత కళాశాల పెట్టారు. అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్, ద్వారం వారు వయొలిన్ ఆచార్యులు, ఆ తర్వాత ప్రిన్సిపాల్ కూడా. ఘంటసాల గారు గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. సంగీతం కోసం ఇల్లు వదిలి మా ఊరు వచ్చారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి పాఠం చెప్పారు. మధూకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని, చదువుకున్నారు. ఆ రోజుల్లో అన్నం పెట్టిన గడపలు మా ఊరివి. సుశీల గారైతే పుట్టిందీ నేర్చిందీ ఇక్కడే. ఆమెకు చెన్నై అని రాయడం నిజంగా బాధ కలిగించింది.

ఒక పాఠకుడు:
ఫోన్లో వెతికితే రెండు సెకన్లలో వస్తుంది. దీనికి ఇంత చర్చా?

కృష్ణలంక వాసి:
వెతికితే పుట్టిన ఊరే వస్తుంది. అసలు సమస్య అదే. మనిషి ఎక్కడ తయారయ్యాడో ఆ ఫోన్ జవాబులో ఉండదు. పుట్టిన ఊరికి మార్కు, చేయి పట్టుకుని నేర్పిన ఊరికి సున్నా.

గోదారి గట్టు:
ప్రతిసారీ ఇదే మాట. చదువు, ఉద్యోగం, ఆస్పత్రి అన్నీ పెద్ద ఊళ్లకే. ఇప్పుడు పుట్టుక కూడా మీకే కావాలి. మా నాన్న హార్మోనియం వాయించేవారు. సురభి నాటకాల వాళ్ల పద్యాలు విని నేర్చుకున్నారు. ఆయనతో పాటే ఆ విద్య పోయింది. మా ఊరు ఎవరి లెక్కలోనూ లేదు. ఒక్క బాలమురళి పేరు చెప్పుకుంటే మీకెందుకంత మంట?

కృష్ణలంక వాసి:
మంట కాదు. మీరు వ్యక్తిగతంగా తీసుకుంటున్నారు.

గోదారి గట్టు:
వ్యక్తిగతమే. దాచుకోను.

చెన్నై తెలుగువాడు:
క్షమించాలి, మధ్యలో వస్తున్నాను. మీ ఇద్దరి మాటల్లో చెన్నై అంటే తప్పు జవాబు. 1978లో బాలమురళి గారికి సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది ఇక్కడి మ్యూజిక్ అకాడమీ. 2016లో కన్నుమూసిందీ ఇక్కడే. షేక్ చినమౌలానా గారిది ఒంగోలు దగ్గర కరవది. తంజావూరు బాణీ నాదస్వరం కోసం తమిళదేశం వచ్చి శ్రీరంగంలో స్థిరపడ్డారు. ఎందుకు? ఇక్కడ టికెట్ కొని కూర్చునేవాళ్లున్నారు. మీ ఊళ్లలో ఉంటే వాళ్లెలా బతికేవాళ్లో ఎవరైనా చెప్పండి.

విజయనగరం కోట:
సినిమా అంతా మద్రాసులో ఉంటే అక్కడికే వెళ్తారు కదా. అందులో ప్రేమేముంది?

వయొలిన్ టీచర్:
ఇంతసేపూ చదివి ఆగలేక రాస్తున్నాను. ఒక కోస్తా పట్నంలో, పేరు వద్దు, ఓ పెద్ద విద్వాంసుడి జయంతికి నన్ను కచేరీకి పిలిచారు. ఆయన పుట్టిన ఊరని మైకులో పదే పదే చెప్పారు. ఉపన్యాసాలు రెండు గంటలు సాగాయి. నాకు ఇరవై నిమిషాలు మిగిలాయి. నేను పల్లవి ఎత్తుకోగానే ముందు వరస లేచి భోజనాలకు వెళ్లింది. శాలువా ఇచ్చారు, బస్సు చార్జీ ఇవ్వలేదు. ఆ రాత్రి మృదంగం వాయించిన పిల్లాడి ముఖం చూడలేకపోయాను. ఊరు మాదంటే మాదని కొట్టుకుంటున్నారు. ఆ ఊళ్లో ఈ రోజు సంగీతం నేర్పే మనిషి ఉన్నారో లేదో ఎవరైనా అడిగారా?

గోదారి గట్టు:
టీచర్ గారూ, మా ఊళ్లో లేరు. నాకు కోపం అందుకే. మా అమ్మాయిని పాఠానికి బస్సులో రాజమండ్రి తీసుకెళ్తున్నాను. ఊరి పేరు పది మందికి తెలిస్తేనన్నా ఒక టీచర్ని వేస్తారేమోనని ఆశ.

కృష్ణలంక వాసి:
ఈ మాట ముందే చెప్పి ఉంటే బాగుండేది. అయినా నా మాట మారదు. పేరు వల్ల టీచర్ రారు. విజయవాడలో బాలమురళి తయారైంది పారుపల్లి వారు ఇంట్లో శిష్యుల్ని పెట్టుకుని నేర్పారు కాబట్టి. అలాంటి ఊరికే మార్కు రావాలి.

వయొలిన్ టీచర్:
మరి మీ విజయవాడలో కచేరీకి ఆఖరిసారి ఎప్పుడు వెళ్లారు?

కృష్ణలంక వాసి:
వెళ్తూనే ఉంటాను. హాలు సగం నిండదు, అది నిజం. మా అబ్బాయిని రమ్మంటే ఎప్పుడూ రాడు.

క్విజ్ మాస్టారు:
ఒక నిర్ణయానికి వచ్చాను. వచ్చే ఏడాది ఒకే ప్రశ్న అడగను. ఎక్కడ పుట్టారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, రెండూ అడుగుతాను. ముందు ఆ విద్వాంసుడి పాట రెండు నిమిషాలు వినిపిస్తాను. పిల్లలు గొంతు గుర్తుపట్టకుండా ఊరు గుర్తుపడితే ఉపయోగం లేదని ఇప్పుడు అనిపిస్తోంది.

గోదారి గట్టు:
పాట వినిపించడం బాగుంది. కానీ పుట్టిన ఊరు ప్రశ్న ముందుండాలి.

కృష్ణలంక వాసి:
గురువు ప్రశ్న ముందు.

చెన్నై తెలుగువాడు:
ఎక్కడ పాడి బతికారన్నది మూడో ప్రశ్నగా పెట్టండి. దాన్ని వదిలేస్తే చినమౌలానా గారి కథ సగమే చెప్పినట్టు.