మైండ్ రీడింగ్ చేశాక ‘మీ ముఖం చూసి చెప్పాను’ అనడం తప్పా?

గుప్పిట నాణెం:
నాకు స్టేజీ, లైట్లు లాంటివేమీ లేవు. నలుగురు కూర్చున్నచోట అక్కడ దొరికిన వాటితోనే మెంటలిజం, అంటే మనసు చదివినట్టు కనబడే మ్యాజిక్, చేస్తాను. ఎవరిదో నాణెం, ఎవరి వేలి ఉంగరమో, చింపిన కాగితం ముక్క, వాళ్ల ఫోన్‌లోని క్యాలిక్యులేటర్. నా దగ్గర ముందే సిద్ధం చేసుకున్న సరంజామా ఏదీ లేదని వాళ్లకు కళ్లెదుటే కనబడుతుంది కదా, మజా అంతా అక్కడే. పేకముక్కలు బయటికి తీస్తే చాలు, హస్తలాఘవం అని తేల్చేస్తారు. వాళ్ల నాణెమే, వాళ్ల గుప్పిట్లోనే, ఏ చేతిలో ఉందో నాలుగుసార్లు వరసగా చెబితే మాత్రం నోరెళ్లబెడతారు.

ఎలా తెలిసిందని అడిగితే దివ్యశక్తి, అతీంద్రియ జ్ఞానం లాంటి మాటలు ఎప్పుడూ వాడను. "పిడికిలి బిగించినప్పుడు మీ కనురెప్ప కదిలింది, ముఖం చూసి చెప్పాను, కొంచెం సైకాలజీ అంతే" అంటాను. మొన్న ఒకావిడ అందరి ముందూ "నువ్వు ముఖం చూడలేదు, మాకు దొంగ సైన్సు అంటగడుతున్నావు, శక్తులున్నాయని చెప్పుకునేవాడి కంటే నువ్వే ప్రమాదం" అంది. నాకైతే మరీ అతి అనిపించింది. నాటకంలో రాజు వేషం వేసినవాణ్ణి పట్టుకుని నువ్వు రాజువి కాదు అని ఎవరైనా నిలదీస్తారా? చివర్లో "ఇదంతా ట్రిక్కే" అని చెప్పి తీరాలా? మీరేమంటారు?

సందేహాల రావు:
ఆవిడ చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. నాటకానికి వచ్చినవాడికి అది నాటకమని తెలుసు, తెర పడ్డాక రాజు కిందికి దిగి పన్నులు వసూలు చేయడు. మీరు అలా కాదు. ‘కనురెప్ప’ అని మీరు అన్నాక ఆ మనిషి ఇంటికెళ్లి భార్య కనురెప్పను, మర్నాడు ఇంటర్వ్యూకి వచ్చిన కుర్రాడి కనురెప్పను చూసి అబద్ధమాడుతున్నారని తీర్పు చెప్పేస్తాడు.

ముఖం చూసి నిజమో అబద్ధమో పసిగట్టడంలో మనుషులు ఎంత వీకో లెక్కలే ఉన్నాయి. బాండ్, డిపాలో అనే ఇద్దరు పరిశోధకులు ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి 2006లో ప్రచురించారు, సగటున జనం సరిగ్గా చెప్పింది 54 శాతం. బొమ్మా బొరుసా వేసుకున్నా 50 వస్తుంది! కళ్లు ఇటు పైకి తిరిగితే జ్ఞాపకం, అటు పైకి తిరిగితే అబద్ధం అనే మాట ఒకటి తెగ తిరుగుతుంటుంది, దాన్ని కూడా 2012లో రిచర్డ్ వైజ్‌మన్ బృందం పరీక్షించి చూస్తే నిలబడలేదు. ఈ వైజ్‌మన్ సైకాలజిస్టు కాకముందు మెజీషియన్, అంటే మీ వాడే.

దివ్యశక్తి అంటే ఈ రోజుల్లో సగంమంది నవ్వి ఊరుకుంటారు. సైకాలజీ అంటే చదువుకున్నవాడు కూడా తలూపుతాడు. అందుకే రెండోదే ఎక్కువ ప్రమాదం.

చివరి బెంచి:
నన్ను ఒకతను 1 నుంచి 50 లోపు రెండంకెల సంఖ్య, రెండూ బేసి అంకెలే, రెండూ వేరువేరు, 15 లాంటిది అనుకోమన్నాడు. నేను 37 అనుకున్నా. అతను కాగితం తిప్పితే 37. అది సైకాలజీ కాదా మరి?

తెర వెనుక:
కొంత సైకాలజీ, మిగతాది కూడికలూ తీసివేతలే. 50 లోపు అన్నాడు, ఉన్నవి యాభై అనుకున్నావు. రెండంకెలూ బేసి, వేరువేరు అన్న వెంటనే మిగిలేవి ఎనిమిదే: 13, 15, 17, 19, 31, 35, 37, 39. ఉదాహరణకి 15 అని తనే చెప్పేశాడు కాబట్టి అది నువ్వు అనుకోవు. ఇక ఏడు. అందులో 37 వైపు జనం మొగ్గు చూపుతారని ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు, తర్వాత 35. తప్పితే "ముందు ఇంకోటి అనుకుని మార్చారు కదా" అని ఒక మాట వేసి వేరే ట్రిక్‌లోకి జారుకుంటాడు, తప్పిన సంగతి రెండు నిమిషాల్లో ఎవరికీ గుర్తుండదు.

రావు గారి మాటకి వస్తాను. బాగా చెప్పారు గానీ ఒకచోట తొందరపడ్డారు, మనసులో ఉన్నది ఒంట్లోకి రాదు అన్నట్టు రాశారు. వస్తుంది. ముఖంలోకి కాదు, చేతిలోకి. 19వ శతాబ్దం చివర్లో వాషింగ్టన్ ఇర్వింగ్ బిషప్, స్టువర్ట్ కంబర్లాండ్ లాంటివాళ్లు ఎక్కడో దాచిన సూదిని, దాచినవాడి చెయ్యి పట్టుకుని వెళ్లి తీసేవాళ్లు. దాన్ని మజిల్ రీడింగ్ అంటారు. వెతికేవాడు దారి తప్పినప్పుడు దాచినవాడు తనకు తెలియకుండానే కాస్త బిగుస్తాడు, సరైన వైపు వెళ్తుంటే వదులవుతాడు. కంబర్లాండ్ అయితే ఇది మనసు చదవడం కాదు, కండరాలు చదవడం అని తనే చెప్పుకునేవాడు.

గుప్పిట తమ్ముడూ, నీకు వస్తువులు కావాలంటే ఉంగరం, జానెడు దారం చాలు. ఉంగరాన్ని దారానికి కట్టి ఆ కొసను ఎదుటివాళ్ల రెండు వేళ్ల మధ్య పట్టించు, మోచెయ్యి బల్ల మీద ఆనించమను. కాగితం మీద ఒక అడ్డగీత, ఒక నిలువుగీత. చెయ్యి కదపొద్దు, అడ్డగీత వెంట ఊగుతున్నట్టు మనసులో అనుకో అని చెప్పు. కాసేపటికి ఉంగరం నిజంగానే అడ్డంగా ఊగుతుంది, వాళ్లే అదిరిపోతారు. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ దీన్ని తన మీదే పరీక్షించుకుని 1833లో రాశాడు, కళ్లకు గంతలు కట్టుకుంటే ఊగడం ఆగిపోయిందని గమనించాడు. 1852లో ఇంగ్లండు శరీరధర్మ శాస్త్రవేత్త విలియం కార్పెంటర్ దీనికి ఐడియోమోటార్ అని పేరు పెట్టాడు. ఊహ వేళ్లను కంటికి కనబడనంత కదుపుతుంది, దారం దాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. ఇందులో అబద్ధం ఎక్కడుంది? మొత్తం చెప్పేసినా ఇంకోసారి చేసి చూడాలనిపిస్తుంది, నాకు తెలిసి ఈ రంగంలో అలాంటివి చాలా తక్కువ.

లెక్కల టీచర్:
గుప్పిట నాణెం గారూ, ముందు ఒక చిన్న విషయం. ఏ చేతిలో ఉందో గుడ్డిగా చెప్పినా నాలుగుసార్లు వరసగా కుదిరే అవకాశం పదహారులో ఒకటి. కాబట్టి నాలుగుకే అంత మురిసిపోకండి.

ఇంకొకటి. నేను పిల్లల దగ్గర ఇదే ట్రిక్‌ని ముఖం చూడకుండా, వెనక్కి తిరిగి నిలబడి చేస్తాను. ఒక చేతిలో సరిసంఖ్యలో గింజలు, ఇంకో చేతిలో బేసిసంఖ్యలో. కుడిచేతిలో ఉన్నవాటిని 3తో, ఎడమచేతిలో ఉన్నవాటిని 2తో గుణించి మొత్తం చెప్పమంటాను. మొత్తం బేసి అయితే బేసి గింజలు కుడిచేతిలో, సరి అయితే ఎడమచేతిలో. కుడిచేతిలో 5, ఎడమలో 2 అయితే 15, 4 కలిసి 19. తారుమారైతే 6, 10 కలిసి 16. రెండుతో గుణించింది ఎప్పుడూ సరిసంఖ్యే అవుతుంది కాబట్టి మొత్తం సరా బేసా అన్నది కుడిచేతి మీదే ఆధారపడుతుంది. అలాగే నాలుగంకెల సంఖ్య తీసుకుని, అవే అంకెల వరస మార్చి ఇంకో సంఖ్య రాసి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయమనండి. 7294 లోంచి 2479 తీస్తే 4815. అందులో సున్నా కాని ఒక అంకె దాచిపెట్టి మిగతావి కూడి చెప్పమనండి. 8 దాస్తే 10 అంటారు, 9 గుణిజంలో ఆ పైన వచ్చేది 18, తేడా 8.

నేను అడగాలనుకున్నది ఏమిటంటే, పిల్లలు ఈ కిటుకు తెలిశాక మరింత సరదాపడతారు, ఇంటికెళ్లి వాళ్లే చేస్తారు. పెద్దవాళ్ల దగ్గరకి వచ్చేసరికి మాత్రం చెబితే చచ్చిపోతుంది అని ఎందుకంటారు?

మోడరేటర్:
లెక్కలతో చేసేవి రాసుకోండి, అభ్యంతరం లేదు. దీన్నే వృత్తిగా చేసుకున్నవాళ్ల కాగితం, ఫోన్ మెథడ్స్ మాత్రం ఇక్కడ విప్పొద్దు.

గుప్పిట నాణెం:
టీచర్ గారూ, పెద్దవాళ్లకు కిటుకు చెబితే "ఓస్ ఇంతేనా" అంటారండీ. ఆ ముఖం చూశాక మళ్లీ ఏదీ చేయాలనిపించదు. పిల్లలు అలా అనరు, అక్కడే తేడా.

రావు గారూ, సరే, మొదట్లోనే "నేను మెజీషియన్‌ని, సరదాకి" అని ఒక మాట చెప్పేస్తాను. ఆ తర్వాత కనురెప్ప కథ చెప్పుకోవచ్చా?

సందేహాల రావు:
ఆ మాటతో పెద్ద ఉపయోగం ఉండదు. నా వాదనకే ఇబ్బంది అని తెలిసినా చెబుతున్నా. లండన్‌లో గుస్తావ్ కూన్ వాళ్ల బృందం 2018లో ప్రచురించిన ప్రయోగం ఉంది. క్లాసులో ఒక మెజీషియన్ సైకాలజీతోనే చేస్తున్నాను అంటూ ఒకరి మనసులో ఉన్నది చెప్పాడు. అది చూశాక, ముఖకవళికలను బట్టి మనసు చదవొచ్చు, చిన్న చిన్న సూచనలతో మనిషి చేత కావలసింది చేయించొచ్చు అనే నమ్మకం విద్యార్థుల్లో పెరిగింది. అతన్ని మెజీషియన్ అని పరిచయం చేసినా, సైకాలజిస్ట్ అని పరిచయం చేసినా ఫలితంలో తేడా లేదు. అంతకుముందు 1980లో బెనాసీ, ఇంకో ఇద్దరు ప్రచురించినదాంట్లో కూడా ఇదే కథ, ఇతను మెజీషియన్, చేసేవన్నీ ట్రిక్కులే అని ముందే చెప్పినా చాలామంది అతనికి శక్తులున్నాయనే రాశారు.

తెర వెనుక:
రావు గారూ, మీ వాదనని మీరే పడగొట్టుకున్నారు! చెప్పినా నమ్ముతారు, చెప్పకపోయినా నమ్ముతారు అన్నప్పుడు ఇక ఆ డిస్‌క్లైమర్ ఎవరి కోసం?

సందేహాల రావు:
పడగొట్టుకోలేదు. పరిచయంలో చెప్పే ఒక్క ముక్క పనిచేయదు అన్నాను, మధ్యలో చెప్పే కథ పనిచేస్తుంది అని కూడా అదే ప్రయోగం చెబుతోంది. జనానికి గుర్తుండేది ఆ కథే. కాబట్టి మార్చాల్సింది డిస్‌క్లైమర్‌ని కాదు, కథని. కనురెప్ప అనే మాటే తీసేయమంటున్నా.

తెర వెనుక:
ఇది ఒప్పుకుంటాను. నా వరకు నేను గీసుకున్న గీత ఇంకోచోట ఉంది, అది కూడా చెబుతా. నాణెం ఏ చేతిలో ఉందో, ఏ సంఖ్య అనుకున్నారో చెప్పడం వేరు, "మీ మనసులో ఏదో దిగులుంది, పైకి ధైర్యంగా ఉంటారు గానీ లోపల సందేహాలెక్కువ" అని మొదలుపెట్టడం వేరు. ఆ రెండోదే కోల్డ్ రీడింగ్, దానికి వస్తువు కూడా అక్కర్లేదు, వాళ్ల గడియారమో ఉంగరమో చేతిలో పట్టుకుని కళ్లు మూసుకుంటే చాలు. 1948లో బర్ట్రమ్ ఫోరర్ అనే సైకాలజిస్ట్ తన 39 మంది విద్యార్థులకు ‘మీ వ్యక్తిత్వ విశ్లేషణ’ అంటూ కాగితాలిచ్చాడు, అయిదుకి ఎంత సరిపోయిందో మార్కులేయమంటే సగటు 4.26 వచ్చింది. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం! కోల్డ్ రీడింగ్ వింటున్నవాళ్లకి నవ్వు రాదు, కన్నీళ్లొస్తాయి, అయిపోయాక పక్కకి పిలిచి పిల్ల పెళ్లి గురించో పోయిన మనిషి గురించో అడుగుతారు. చాలామంది మెంటలిస్టులు నిజంగా దారి తప్పేది అక్కడ, నాణెం దగ్గర కాదు. నేను వస్తువు తీసుకున్నా మనిషి జీవితం గురించి ఒక్క ముక్క మాట్లాడను. కనురెప్ప మీద ఇంతసేపు కొట్టుకుంటున్నాం గానీ నాకైతే ఇది దానికి పదింతలు పెద్ద విషయం.

చివరి బెంచి:
మరి చెంచాలు వంచే యూరీ గెల్లర్? అతను ట్రిక్ అని చెప్పలేదుగా, అయినా ఎవరేం చేశారు?

సందేహాల రావు:
1973లో అమెరికాలో జానీ కార్సన్ టీవీ షోకి వచ్చాడు. కార్సన్ కుర్రతనంలో మెజీషియనే, శక్తులున్నాయనేవాళ్ల గుట్టు విప్పే మెజీషియన్ జేమ్స్ రాండీ సలహా తీసుకుని చెంచాలూ అవీ షో వాళ్లే సిద్ధం చేసి, గెల్లర్ మనుషుల్ని వాటి దరిదాపులకు రానివ్వలేదు. గెల్లర్ ఏమీ చేయలేకపోయాడు, ఈరోజు బలంగా లేను అన్నాడు. అయినా పేరు తగ్గలేదు. ‘రోజువారీ వస్తువే కదా’ అనే మాట ఎంత మోసం చేస్తుందో చూడండి, వస్తువు మామూలుదే కావచ్చు, అంతకుముందు అది ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న.

గుప్పిట నాణెం:
సరే, ఇదీ నా కొత్త లైను: "ఎలా చేశానో చెప్పను. మీ ముఖం మాత్రం చదవలేదు, అది నాకు రాదు." ఓకేనా?

తెర వెనుక:
రెండో ముక్క దగ్గర జాగ్రత్త. మెజీషియన్ హూడినీ నాకు ఏ శక్తులూ లేవు, అన్నీ ట్రిక్కులే అని ఎంతో మొత్తుకున్నాడు, షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన కానన్ డాయిల్ అంతటివాడు ఒప్పుకోలేదు, శక్తులున్నాయి, దాస్తున్నాడు అని రాశాడు. "నాకు రాదు" అని నువ్వు మరీ వినయంగా అంటే కొందరికి అదే రుజువవుతుంది. మామూలుగా, నవ్వుతూ, గబుక్కున అనేసి ముందుకెళ్లిపో.

గుప్పిట నాణెం:
అయితే ముందు ఉంగరం, దారం చేసి ఐడియోమోటార్ సంగతి నిజంగా వివరిస్తాను. ఆ తర్వాత నాణెం చేసి, దాని గురించి ఏమీ చెప్పను.

తెర వెనుక:
వరస తిరగెయ్యి. ముందు కండరాల సంగతి చెప్పి తర్వాత నాణెం చేస్తే, నాణెం కూడా కండరాలు చూసే చెప్పావనుకుంటారు, నువ్వు ఒక్క మాట అనకపోయినా సరే. రావు గారు వద్దన్న కథ వాళ్లే అల్లుకుంటారు. ముందు నాణెం, చివర్లో ఉంగరం, అదీ వాళ్ల చేతికే ఇచ్చి.

సందేహాల రావు:
ఈ వరస నాకు ఓకే. నాణెం ఎలా చేశావని మళ్లీ మళ్లీ అడిగితే?

గుప్పిట నాణెం:
చెప్పనండీ.