టూర్‌కి వెళ్ళినా పొద్దున వాకింగ్ చేయాల్సిందేనా?

బెజవాడ అమ్మాయి:
డిసెంబరు సెలవుల్లో నాలుగు రోజులు విశాఖ, అరకు వెళ్ళొచ్చాం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు. మావారికి 46 ఏళ్ళు. షుగర్ వచ్చి మూడేళ్ళయింది, మాత్రలతో అదుపులోనే ఉంది. ఇంటి దగ్గర రోజూ గంట నడుస్తారు. అక్కడ కూడా పొద్దున ఆరింటికి బీచ్ రోడ్డుకి వెళ్ళి ఏడున్నరకి వచ్చేవారు. ఆ తర్వాత స్నానం చేసి తయారయ్యేసరికి తొమ్మిది. అప్పటిదాకా పిల్లలు హోటల్ గదిలో ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. అత్తగారికి టిఫిన్ ఆలస్యమైంది. మేం కైలాసగిరి ఎక్కేసరికి ఎండ మాడ్చేస్తోంది. మూడో రోజు గట్టిగానే అడిగాను, నాలుగు రోజులు ఆపితే ఏమవుతుందని. "నాలుగు రోజులు ఆపితే నాలుగు నెలలు ఆగిపోతుంది, నా సంగతి నాకు తెలుసు" అన్నారు. ఇంటికి వచ్చేదాకా ఇద్దరం సరిగ్గా మాట్లాడుకోలేదు. నాది తప్పయితే చెప్పండి, ఒప్పుకుంటాను.

గాజువాక నడక:
అమ్మా, మీవారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. చెల్లి పెళ్ళి పనుల్లో నేను వారం రోజులు నడక మానేశాను. మళ్ళీ బూట్లు తీయడానికి ఐదు నెలలు పట్టింది. అలవాటు పోవడానికి వారం చాలు. ఇక బీచ్ రోడ్డు గురించి చెప్పాలంటే, పొద్దున కొన్ని గంటలు అక్కడ వాహనాలు ఆపేస్తారు. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి సబ్‌మెరైన్ మ్యూజియం మీదుగా నడుస్తుంటే పక్కనే సముద్రం. అది వదులుకోమని ఎవరినీ అడగలేను. అయితే ఐదింటికే బయలుదేరి ఆరున్నరకి గదికి వచ్చి ఉంటే ఈ గొడవే వచ్చేది కాదు.

రాజమండ్రి టీచరమ్మ:
నడక మంచిదని అందరికీ తెలుసు. ఆ గంటన్నర పిల్లల్ని, పెద్దావిణ్ణి ఎవరు చూసుకున్నారో మాత్రం ఎవరూ అడగడం లేదు. ఇంట్లో రోజూ ఐదింటికి లేచి వంట, క్యారియర్లు, బట్టలు చూసుకునే మనిషికి ఏడాదికి ఒక్కసారి దొరికే నాలుగు రోజులవి. ఆవిడకి వ్యాయామం కన్నా ముందు విశ్రాంతి కావాలి. ఆయన ఆరోగ్యం ఇంటి బాధ్యత అయినప్పుడు, ఆవిడ సెలవు కూడా ఇంటి బాధ్యతే కదా?

కరీంనగర్ కోచ్:
నేను జిమ్‌లో ట్రైనర్‌ని. రోజూ చూసే విషయం చెబుతాను. నాలుగు రోజులు ఆపితే శరీరం ఏమీ కోల్పోదు. ఆయాసం లేకుండా నడవగలిగే శక్తి స్పష్టంగా తగ్గడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. కండబలం మూడు వారాల దాకా పెద్దగా తగ్గదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాలనే, ఇన్ని రోజులని కాదు. రోజుకు పది వేల అడుగులు అనే మాట కూడా 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల లెక్క యంత్రం పేరు నుంచి వచ్చిందే. కాబట్టి అన్నా వదినలిద్దరూ టెన్షన్ పడాల్సిన పని లేదు.

గాజువాక నడక:
కోచ్ బ్రదర్, అది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ లెక్క. షుగర్ ఉన్నవాళ్ళు వరుసగా రెండు రోజులకు మించి వ్యాయామం లేకుండా ఉండొద్దని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెబుతోంది. నడిచాక ఇన్సులిన్ బాగా పనిచేయడం ఒకటి రెండు రోజులే ఉంటుంది, ఆ తర్వాత మళ్ళీ మొదటికే. పైగా టూర్‌లో మనం తినేది ఇంటి తిండా? పొద్దున పూరీ, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం మాడుగుల హల్వా.

కరీంనగర్ కోచ్:
షుగర్ సంగతిలో మీరన్నదే కరెక్ట్ అన్నా, నేను ఆ కోణంలో ఆలోచించలేదు. కానీ ఆ లెక్కకి పొద్దున పూట, ఏకధాటిగా గంటే కావాలని లేదు. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడిస్తే ఆ భోజనంతో పెరిగే షుగర్ బాగా తగ్గుతుంది. మూడు పూటలా హోటల్ నుంచి బయటికి వచ్చి కుటుంబమంతా కలిసి పావుగంట నడిస్తే ముప్పావుగంట అయిపోతుంది. ఎవరూ గదిలో ఎదురుచూడక్కర్లేదు.

కిరండూల్ బండి:
నేను ఏడాదికి రెండుసార్లయినా అరకు వెళ్ళేవాణ్ణి. అక్కడికి పోయి వాకింగ్ ఎక్కడ చేయాలని అడగడమే నాకు వింతగా ఉంది. విశాఖలో పొద్దున ఏడు లోపే కిరండూల్ రైలు ఎక్కితే నాలుగు గంటలు ప్రయాణం. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలతో పాటు తలుపు దగ్గరికి లేచి వెళ్ళండి (మెట్ల మీద కాదు, లోపలే). అంతసేపు కదలకుండా కూర్చోవడం మంచిది కాదు కూడా. నాలుగు గంటలు దాటిన ప్రయాణాల్లో కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు సుమారు రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. మామూలుగా ఆ ముప్పు చాలా తక్కువే, అయినా గంటకోసారి లేవడానికి ఏం ఖర్చు? బొర్రా గుహల్లో దిగడం తేలిక, ఎక్కడం అసలు పని. కటికి జలపాతానికి కొండదారిలో నడవాలి. మా తాతల కాలంలో యాత్ర అంటేనే నడక. సింహాచలం గిరి ప్రదక్షిణ సుమారు 32 కిలోమీటర్లు, ఆషాఢంలో లక్షల మంది ఇప్పటికీ నడుస్తున్నారు. గుమ్మం దాకా కారులో వెళ్ళి ఫోటో దిగి వచ్చేయడం మనం కొత్తగా నేర్చుకున్నాం.

మామిడితోట:
కిరండూల్ బండి గారూ, మీరు చెప్పింది వినడానికి బాగుంది కానీ షుగర్ ఉన్నవాళ్ళ విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. మా బావగారు ఇన్సులిన్ తీసుకుంటారు. మేం అరకు వెళ్ళిన రోజు పొద్దున ఇంజెక్షన్ చేసుకున్నారు, బండికి టైమైపోతోందని రెండు ఇడ్లీలతో సరిపెట్టారు. మధ్యాహ్నం భోజనం ఆలస్యమైంది, బొర్రాలో మెట్లెక్కుతుంటే చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడింది. షుగర్ పడిపోయింది. మా అక్క సంచిలో గ్లూకోజ్ పొడి ఉండబట్టి సరిపోయింది. రోజూ ఒకే టైముకి, ఒకే దూరం నడిచేవాళ్ళకి అలవాటు లేని ఎక్కుడు, వేళకాని తిండి రెండూ కలిస్తే ప్రమాదం. ఇన్సులిన్, కొన్ని రకాల షుగర్ మాత్రలు వాడేవాళ్ళు వెళ్ళే ముందే డాక్టర్‌ని అడగండి, జేబులో పంచదార ఉంచుకోండి. అందుకే టూర్‌లో కూడా బావగారి వేళల్ని మేం పట్టించుకుంటాం. బెజవాడ అమ్మాయీ, మీవారి పట్టుదలని కూడా మొండితనం అనలేను.

ఒంటరి బాటసారి:
ఆఫీసు పని మీదా, సరదాకీ ఒక్కదాన్నే తిరుగుతుంటాను. ఐదింటికి బయలుదేరమని సలహా ఇవ్వడం మగవాళ్ళకి తేలిక. తెలియని ఊళ్ళో చీకట్లో నేను నడవను. గదిలోనే గోడకి చేతులు ఆనించి పుషప్స్, కుర్చీలో కూర్చుని లేవడం, పదిహేను నిమిషాల సూర్యనమస్కారాలు, లిఫ్ట్ బదులు మెట్లు. నాకు ఇవి చాలు. అన్నట్టు, వ్యాయామం పేరుతో ఎవరూ ఆర్కే బీచ్‌లో ఈతకి దిగకండి. అక్కడ లోతు ఒక్కసారిగా పెరుగుతుంది, కెరటాలు లోపలికి లాగేస్తాయి. ప్రాణాలు పోయాయి.

రాజమండ్రి టీచరమ్మ:
అన్నీ చదివాను. ఆయన నడవాలన్నది ఒప్పుకుంటున్నాను, మామిడితోట గారి మాట నన్ను ఆలోచింపజేసింది. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. మనందరం ఆయన షుగర్ గురించే మాట్లాడాం. బెజవాడ అమ్మాయీ, నువ్వు చివరిసారి ఎప్పుడు నడిచావమ్మా?

బెజవాడ అమ్మాయి:
టీచరమ్మ గారూ, మీ ప్రశ్న చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. చిన్నవాడు పుట్టాక నేను నడక కోసమని బయటికి వెళ్ళిందే లేదు. వాడికిప్పుడు తొమ్మిదేళ్ళు. రాత్రి భోజనాలయ్యాక మావారికి ఇవన్నీ చదివి వినిపించాను. మామిడితోట గారిది రెండుసార్లు చదివించుకున్నారు. టిఫిన్ ఆలస్యమవడం అమ్మకి ఇబ్బందని తనకి తట్టలేదని ఆయనే అన్నారు. ఆయన భయం ఏ స్థాయిదో నాకూ అప్పటిదాకా తెలియదు. వాళ్ళ నాన్నగారికి షుగర్ వల్లే కాలు తీసేశారు, ఆ రోజులు ఈయన దగ్గరుండి చూశారు.

వచ్చే నెల తిరుపతి వెళ్తున్నాం. అలిపిరి నుంచి 3,550 మెట్లు. నేనూ పిల్లలూ తెల్లవారాక మొదలుపెట్టి నడిచి ఎక్కుతాం. ఆయన మా అత్తగారిని బస్సులో తీసుకెళ్ళి, వేళకి టిఫిన్ పెట్టించి, ఆవిడతోనే ఉంటారు. ఆయన నడక తిన్నాక కొండ మీదే. ఈ ఏర్పాటు చెప్పింది ఆయనే. పది రోజులుగా నేను కూడా సాయంత్రాలు కృష్ణ ఒడ్డున అరగంట నడుస్తున్నాను. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి కోచ్ గారూ, మెట్లెక్కడానికి ముందు ఇంకేం చేయాలో కొంచెం చెప్పండి.