గుర్రం నడక బాగుపడాలంటే ఎవరి దగ్గర నేర్పించాలి? (హన్మకొండ, కరీంనగర్ వైపు)

హసన్‌పర్తి_సవారీ:
అందరికీ నమస్కారం. మా దగ్గర మార్వాడీ జాతి ఆడగుర్రం ఉంది, ఆరేళ్ళది, నాందేడ్ జిల్లా మాలేగావ్ జాతరలో కొన్నాం. నెమ్మదైనది, ఎవరు ఎక్కినా కదలకుండా నిలబడుతుంది. దుల్కీలోకి, అంటే మెల్లటి పరుగులోకి, దింపితేనే సమస్య. తల పైకెత్తి ఉరుకుతుంది, ఎడమకు తిప్పితే కట్టెలా బిగుసుకుపోతుంది, కుడికి మాత్రం బాగానే తిరుగుతుంది. ఇద్దరు దొరికారు. ఒకాయన పెళ్ళి ఊరేగింపులకు బారాత్ గుర్రాలు తయారుచేసే పెద్దమనిషి, గుర్రాన్ని తన దగ్గర వదిలిపెట్టమంటున్నాడు. ఇంకొకాయన హైదరాబాద్‌లో రైడింగ్ నేర్పే కోచ్, వారానికోసారి ఇక్కడికే వస్తాడట, ఖర్చు ఎక్కువ. ఎవరిని పెట్టుకోవాలి?

కాజీపేట_ఘోడేవాలా:
పెద్దమనిషి దగ్గరికే పంపు తమ్మీ. మా నాయన జీవితాంతం ఇదే పని చేశాడు, నేనూ ఇదే. చాలా మార్వాడీలకు పుట్టుకతోనే రేవాల్ అనే నడక ఉంటుంది, ఒకవైపు కాళ్ళు వెంటవెంట పడుతుంటే పైన కూర్చున్నవాడికి కుదుపే తెలియదు. ఆ కోచ్ వచ్చి దుల్కీ దుల్కీ అని రుద్దితే ఉన్న రేవాల్ పోతుంది. ముందు ఇది చెప్పు, దానికి రేవాల్ ఉందా లేదా?

డ్రెసాజ్_పిచ్చి:
రేవాల్ సంగతి తర్వాత. తల పైకెత్తుతోందంటే వీపు కిందికి దిగిపోయింది, వెనక కాళ్ళు ఒంటి కిందికి రావడం లేదు. వాన పడ్డాక మెత్తటి నేల మీద మామూలు నడకలో నడిపించి గుర్తులు చూడండి. వెనక డెక్క ముందు డెక్క గుర్తు మీదో, దాన్ని దాటో పడాలి. వెనకే ఆగిపోతోందంటే గుర్రం ఒళ్ళు వాడడం లేదు. లయ, ఒంట్లో సడలింపు, పగ్గాల మీద మెత్తటి పట్టు, ఆ వరుసలో నేర్పేవాడు కావాలి. బారాత్ వాళ్ళు నేర్పేది మెడ వంచి ఎగరడం. అదీ ముళ్ళ కళ్ళెంతో. ముళ్ళ కళ్ళెం వాడకూడదని బండి లాగే, బరువు మోసే జంతువులను హింసించకుండా పెట్టిన 1965 నాటి రూల్స్‌లోనే ఉంది.

జగిత్యాల_రాజు:
కోచ్‌కే నా ఓటు.

మామునూరు_వెట్:
గురువు కంటే ముందు నోరు చూపించండి. పై దవడ పళ్ళు బయటి వైపు పదునెక్కితే చెంపను లోపల కోస్తాయి, అప్పుడు ఒకవైపు పగ్గం లాగగానే తల ఎత్తేస్తుంది. రెండోది జీను. సవారీ అయ్యాక జీను తీసి చెమట గుర్తు చూడండి, వెన్నుకు రెండు వైపులా సమానంగా తడిసి ఉండాలి. మధ్యలో ఒకచోట అరచేయంత పొడిగా ఉంటే అక్కడ గట్టిగా నొక్కుతోందని అనుమానించాలి. నొప్పి ఉన్న గుర్రానికి ఏ గురువు వచ్చినా నేర్పలేడు. మామునూరు వెటర్నరీ కాలేజీలో అడగండి, పళ్ళు అరగదీసే డాక్టర్ ఎవరో చెప్తారు.

కాజీపేట_ఘోడేవాలా:
డ్రెసాజ్ తమ్మీ, మా నాయన ఒక్కనాడు కూడా ముళ్ళ కళ్ళెం పెట్టలేదు. ఎవడో పెట్టాడని అందరినీ ఒక్క గాటన కట్టకు. మా ఇంట్లో గుర్రం తిన్నాకే మనుషులం తినేవాళ్ళం. పెళ్ళిలో డీజే, పటాకులు, పక్కన వందమంది డాన్స్, అంతటిలో బెదరకుండా నిలబడేలా తయారుచేయడం నీ కోచ్ వల్ల అవుతుందా?

డ్రెసాజ్_పిచ్చి:
అన్నా, బెదరకపోవడం వేరు, నడక వేరు. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన డ్రెసాజ్ (గుర్రం నడకలు, కదలికలు చూసి మార్కులు వేసే పోటీ) టీం బంగారు పతకం తెచ్చింది, గుర్రపు సవారీలో 41 ఏళ్ళ తర్వాత వచ్చిన స్వర్ణం అది. ఆ పిల్లలు యూరప్ పోయి ఏళ్ళ తరబడి గురువుల కళ్ళ ముందు సవారీ చేశారు. గుర్రాన్ని ఎవరికో అప్పజెప్పి ఇంట్లో కూర్చోలేదు.

కాజీపేట_ఘోడేవాలా:
వాళ్ళు ఎక్కింది మార్వాడీలను కాదు కదా. రేవాల్ గురించి నేనడిగినదానికి ఇంకా జవాబు రాలేదు.

డ్రెసాజ్_పిచ్చి:
రేవాల్ రేవాల్ అని ఎన్నిసార్లు అంటారు? నోటి మూలలు చీలిపోయిన బారాత్ గుర్రాలను వరంగల్ రోడ్ల మీద నేను కళ్ళారా చూశాను.

కాజీపేట_ఘోడేవాలా:
నేనూ చూశాను, ఇంగ్లీష్ మాట్లాడే కోచ్‌లు గుర్రం తలను తాళ్ళతో ఛాతీకి కట్టి గుండ్రంగా తిప్పడం. చదువుకున్నవాడు చేస్తే ట్రైనింగ్, మేం చేస్తే హింసా?

సిద్దిపేట_అక్క:
ఇద్దరూ కాస్త ఆగండి. నేను నా గుర్రాన్ని పేరున్న ఒక ట్రైనర్ దగ్గర కొన్ని నెలలు వదిలాను, బారాత్ ఆయన కాదు, రైడింగ్ క్లబ్ ఆయనే. ఆయన ఎక్కితే మెడ వంచి, వీపు లేపి, చూడ్డానికి రెండు కళ్ళు చాలవు. ఇంటికి తెచ్చి నేనెక్కాక కొద్ది రోజుల్లోనే మళ్ళీ పాత కథ. గుర్రం నేర్చుకుంది, నాకు మాత్రం ఎవరూ ఏమీ నేర్పలేదు. పైగా అది పక్కటెముకలు తేలి వచ్చింది, ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

డ్రెసాజ్_పిచ్చి:
నేను మొదటినుంచీ మొత్తుకునేది ఇదే. ఎడమకు బిగుసుకునేది గుర్రమో, పైనున్నవాడి కుడి చెయ్యో ఎవరికి తెలుసు? రోజూ ఎక్కేవాడికి నేర్పని గురువు ఎందుకు?

కాజీపేట_ఘోడేవాలా:
అక్కా, మీకు జరిగింది తప్పే, తిండి పెట్టనివాడు గుర్రం పెట్టుకోకూడదు. కానీ తమ్మీ, నువ్వు చెప్పేదాంట్లో ఒక చిక్కుంది. రాని గుర్రం మీద రాని మనిషిని కూర్చోబెడితే ఇద్దరూ కలిసి తప్పే నేర్చుకుంటారు. సరైన నడక ఎలా ఉంటుందో ముందు గుర్రానికి తెలిసిన చెయ్యి చూపించాలి. నా గొడవంతా అదే, కోచ్ మీద నాకేం పగ లేదు.

మామునూరు_వెట్:
అసలు ఆ గుర్రం మీద రోజూ ఎక్కేది ఎవరు? ఎవరూ అడగలేదు.

హసన్‌పర్తి_సవారీ:
మా పాప సార్, పదమూడేళ్ళు. నేను ఆదివారాలు మాత్రమే.

కాజీపేట_ఘోడేవాలా:
ఈ మాట మొదట్లో చెప్తే ఇంత లొల్లి ఉండకపోవు కదా! పిల్ల ఎక్కేదాన్ని ఊరికి దూరంగా పంపకు. గుర్రం నీ కళ్ళ ముందే ఉండాలి.

డ్రెసాజ్_పిచ్చి:
అయితే కోచ్‌ని పిలవండి, డబ్బులు మాట్లాడుకునే ముందు ఆయన ఇంకొకరికి క్లాస్ చెప్తుంటే పాపను తీసుకెళ్ళి చూడండి. గుర్రం తప్పు చేసినప్పుడు ఆయన గుర్రాన్ని తిడుతున్నాడా, పైనున్న పిల్లకు కాలు ఎక్కడ పెట్టాలో, చెయ్యి ఎప్పుడు వదలాలో చెప్తున్నాడా గమనించండి. మీ దగ్గరికి వస్తే ముందు జీను, కళ్ళెం తడిమి చూడాలి, తర్వాత కాసేపు తనే ఎక్కి చూడాలి. అన్న చెప్పిన తెలిసిన చెయ్యి అక్కడ వస్తుంది, అది నేనూ కాదనను. ఆ తర్వాత దిగి పాపను ఎక్కించాలి. గంటసేపూ తనే సవారీ చేసి పోయేవాడైతే వద్దు.

జగిత్యాల_రాజు:
పాపకు హెల్మెట్ ఉందా?

హసన్‌పర్తి_సవారీ:
ఉంది అన్నా. ముందు పళ్ళు చూపిస్తాను, తర్వాత కోచ్ క్లాస్ చూసి వస్తాం. ఘోడేవాలా అన్నా, రేవాల్ ఉందో లేదో నాకు తెలియడం లేదు, వీడియో పెట్టనా?

కాజీపేట_ఘోడేవాలా:
వీడియోలో తెలియదు. కాజీపేట నుంచి హసన్‌పర్తి ఎంత దూరం, పళ్ళ పని అయ్యాక ఫోన్ చెయ్యి, నేనే వస్తా. ఎక్కను, పాప నడిపిస్తుంటే పక్కన నిలబడి కాళ్ళు చూస్తా.