అమ్మ రిపోర్టులో ఆల్క్ పాజిటివ్: మన వైపు ఇది ఎందరికి ఉంటుంది?

కొండపి ఆడపడుచు:
అందరికీ నమస్కారం. మాది కొండపి దగ్గర పల్లెటూరు. అమ్మకు 51 ఏళ్లు. దగ్గు తగ్గకపోతే టీబీ అనుకుని ఐదు వారాలు ఆ మందులే మింగించారు. తర్వాత స్కానింగ్, సూదితో ముక్క తీయడం. ఊపిరితిత్తుల క్యాన్సర్, అడినోకార్సినోమా రకం అన్నారు. గడ్డలో జన్యువుల మార్పులు చూసే పరీక్షలో ఈజీఎఫ్ఆర్ నెగటివ్, ఆల్క్ పాజిటివ్ అని వచ్చింది.

ఇక ఇంట్లో పంచాయితీ మొదలైంది. పొగాకు పండించిన పాపం అంటాడు పెదనాన్న. అమ్మ చుట్ట, బీడీ ముట్టిన మనిషి కాదు. కాకపోతే ముప్పై ఏళ్లు పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర కూర్చుని ఆకును కర్రలకు కట్టింది. సీజన్‌లో ఆమె వేళ్లకు పట్టిన నల్లటి జిగురు చింతపండుతో రుద్దినా వదిలేది కాదు. అన్నయ్యది ఇంకో వాదన. "వందలో ముగ్గురు నలుగురికే ఉంటుందట, అది మనకే ఎలా వస్తుంది? రిపోర్టే తప్పు" అంటాడు. ప్రకాశం, నెల్లూరు వైపు నిజంగా ఎందరికి ఉంటుంది? నేనూ మా పాపా పరీక్ష చేయించుకోవాలా?

నెల్లూరు స్లయిడు:
అమ్మా, పద్నాలుగేళ్లుగా పాథాలజీలో ఉన్నాను. ముందు చివరి ప్రశ్న. ఇది తల్లి నుంచి బిడ్డకు వచ్చేది కాదు. రెండో క్రోమోజోములో ఒక ముక్క తెగి, తలకిందులై అతుక్కుంటుంది. అలా ఆల్క్ జన్యువు పక్కదానితో కలిసిపోయి ఆగకుండా పనిచేస్తుంది. అది జరిగేది ఆ గడ్డ కణాల్లోనే. మీకూ పాపకూ దీనికోసం పరీక్ష అక్కర్లేదు.

ఇక శాతాలు. ఈజీఎఫ్ఆర్ మార్పు అయితే ప్రాంతాన్ని బట్టి బాగా మారుతుంది. అడినోకార్సినోమాలో యూరప్ వాళ్లకు 10–15 శాతం, తూర్పు ఆసియాలో సగం దాకా, మన దేశం ఆ మధ్యలో. ఆల్క్ అలా కాదు, ఎక్కడ చూసినా 3 నుంచి 7 శాతం దగ్గరే తిరుగుతుంది. 2007లో జపాన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో దీన్ని మొదట కనిపెట్టినవారు 75 మందిని చూస్తే ఐదుగురికి ఉంది. మన దేశపు లెక్కలు 3 నుంచి 10 దాకా ఉన్నాయంటే అది ఊరి నీటి మహిమ కాదు, లెక్క కట్టే తీరు. వందమందిలో 30 మందికి ఈజీఎఫ్ఆర్ వచ్చిందనుకోండి. ఆ రెండూ ఒకే మనిషిలో ఉండటం అరుదు కాబట్టి మిగతా 70 మందికే ఆల్క్ చేస్తారు. ఐదుగురికి వస్తే ఒకరు వంద మీద 5 శాతమని రాస్తారు, ఇంకొకరు 70 మీద 7 అని రాస్తారు. ఐదుగురూ వాళ్లే.

జిల్లా లెక్క అడిగారు, అది సరిగా తేలదు. నెల్లూరు రోగి చెన్నై వెళ్లి పరీక్ష చేయించుకుంటే చెన్నై లెక్కలోనే పడతాడు. ఊరికంటే వయసు, పొగ అలవాటు చూడాలి. చిన్న వయసువాళ్లలో, పొగ తాగనివాళ్లలో ఆల్క్ ఎక్కువ. మీ అమ్మగారిలో ఆ రెండూ ఉన్నాయి. అంతమాత్రాన పొగతాగేవాళ్లకు రాదనుకోకండి. జపాన్‌లో ఈ అతుక్కున్న జన్యువు మొదట దొరికిందే 62 ఏళ్ల పొగరాయుడి గడ్డలో.

కావలి మాస్టారు:
మా ఆవిడది రాస్ వన్ అనే ఇంకో జన్యువు మార్పు, నూటికి ఒకరిద్దరికి ఉండేది. మొదట చూపించిన చోట ఉన్న ముక్కంతా ఒక్క పరీక్షకే అరగదీశారు, మళ్లీ సూది గుచ్చాల్సి వచ్చింది. ఆ రాత్రి ఆమె దగ్గిన దగ్గు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆసుపత్రి నుంచి, తీసిన ముక్కను దాచిన మైనపు దిమ్మ అడిగి తీసుకోండమ్మా, అది మీదే.

చీమకుర్తి కుర్రాడు:
మా వైపు గ్రానైట్ దుమ్ము వల్ల కూడా ఈ ఆల్క్ వస్తుందా?

నెల్లూరు స్లయిడు:
రాతి దుమ్ము ఊపిరితిత్తులకు చేటే, క్యాన్సర్ ముప్పు కూడా ఉంది. మాస్కు లేకుండా పనిలోకి దిగొద్దు. కానీ ఆల్క్‌ను దానికి ముడిపెట్టకండి, పొగాకు జిగురుకూ ముడిపెట్టకండి.

కొండపి అమ్మాయికి ఇంకో మాట. మీ అన్నయ్యకు అనుమానం తీరకపోతే అదే దిమ్మ మీద ఫిష్ పరీక్ష చేయించవచ్చు. జన్యువుకు రెండు వైపులా ఎరుపు, ఆకుపచ్చ రంగులు అంటిస్తాం. తెగకపోతే రెండూ కలిసి పసుపు చుక్కగా కనిపిస్తాయి, తెగితే విడివిడిగా. కనీసం 50 కణాలు లెక్కపెట్టి 15 శాతం, ఆపైన తెగి ఉంటేనే పాజిటివ్ అంటాం. "వందలో ముగ్గురికే" అన్నది పరీక్షకు ముందు మాట. రిపోర్టు వచ్చాక అది మీ అమ్మగారికి వర్తించదు. మందు మొదలుపెట్టడం మాత్రం వాయిదా వేయకండి.

కొండపి ఆడపడుచు:
అన్నయ్యకు చదివి వినిపించాను. మాట్లాడలేదు, కానీ రేపు ఒంగోలుకు బండి తనే తీస్తానన్నాడు. అమ్మకు శాతాల గొడవేమీ చెప్పలేదు. బిళ్లలున్నాయని మాత్రం చెప్పాను. "అన్నానికి ముందా, తర్వాతా?" అని అడిగింది.

నెల్లూరు స్లయిడు:
ఆల్క్‌కు ఇచ్చే అలెక్టినిబ్ మందు రాస్తే అన్నంతోనే, రోజుకు రెండు పూటలా.