సమస్యాపూరణం: "ఈగ వాలినంత నేన్గు గూలె"

చాటువు (నిర్వాహకులు):
సభ్యులందరికీ నమస్కారం. రెండు రోజులుగా ఈ పాదం నాలుక మీదే ఆడుతోంది, ఇక మీకు ఇచ్చేస్తున్నాను.

ఈగ వాలినంత నేన్గు గూలె

సినిమాలు, రాజకీయాలు ఈసారికి వద్దు. కంప్యూటర్లు గానీ, శాస్త్రం గానీ, నిజంగా జరిగిన ఉదంతం మీదే పూరణ ఉండాలి. ఆదివారం రాత్రి దాకా గడువు. ప్లూటో గొడవ మళ్లీ ఎత్తకండి, దండం పెడతాను.

బగ్గుల భాగవతార్:
మొదటి కొబ్బరికాయ నాదే.

మీట నడుమఁ జిక్కి మిడుకుచు మడియంగ
లెక్క పెట్టు యంత్ర మొక్కటాగె
నలువదేడు నాఁటి నవ్వుల కథ యిది
ఈగ వాలినంత నేన్గు గూలె

1947 సెప్టెంబరు 9, హార్వర్డ్ మార్క్ 2 అనే తొలినాళ్ల కంప్యూటరు. గది నిండా పరుచుకున్న యంత్రం ఒక్క పురుగు మూలాన మొరాయించింది. ఆ పురుగును లాగ్‌బుక్కులో టేపు వేసి అతికించారు. ఆ పుస్తకం ఇప్పటికీ స్మిత్‌సోనియన్ వాళ్ల దగ్గర ఉంది.

యతిభీమ:
లెక్క–మొక్క ప్రాసయతి బాగుంది. కానీ మొదటి పాదంలో మిడికింది ఎవరు? కర్త కోసం నాలుగో పాదం దాకా వెతుక్కోవాలి.

బగ్గుల భాగవతార్:
వెతుక్కోవాలనే అలా పెట్టాను భీమగారూ. మీటల మధ్య పురుగు కోసం ఆ ఇంజినీర్లూ అలాగే వెతికారు.

గోదారిగట్టు:
ఈ జవాబు పద్యం కన్నా బాగుందండీ. అయితే ఒక్క మాట. అక్కడ దొరికింది ఈగ కాదు, దీపాల చుట్టూ తిరిగే రెక్కల పురుగు. పోనీలెండి, సమస్య అడిగింది ఈగనే కాబట్టి సర్దుకుందాం. ఆ యంత్రం మీద పనిచేసిన గ్రేస్ హాపర్ పట్టుకున్నారని మీరు రాయలేదు, అందుకు సంతోషం. ఆవిడ ఆ కథను ఊరూరా చెప్పి అందరికీ తెలిసేలా చేశారు. పురుగును పీకింది వేరేవాళ్లు.

తెనాలి తమ్ముడు:
పెద్దలు ఆశీర్వదించాలి.

పదునొకండు చిన్ని పంక్తులు లేకున్నఁ
పెద్ద పెద్ద సైట్లు బిక్కచచ్చె
అలిగినట్టి యొకని యంగుళి తాకంగ
ఈగ వాలినంత నేన్గు గూలె

2016 మార్చి 22. లెఫ్ట్-ప్యాడ్. ఒక పేరు గురించి తగవు వచ్చి, ఒక డెవలపరు అలిగి, అందరూ కోడు ముక్కలు తెచ్చుకునే ఎన్‌పీఎం అనే చోట ఉన్న తన ప్యాకేజీలన్నీ తీసేశాడు. అందులో ఒకటి పదకొండు లైన్ల కోడు. మాటకు ఎడమవైపు ఖాళీలో సున్నాలో, స్పేసులో నింపడమే దాని పని.

డల్లాస్ కోడలు:
తమ్ముడూ, "యంగుళి తాకంగ" దగ్గర నిజంగా ఆగిపోయాను. ఈగ వాలడానికి వేలు మోపడాన్ని జోడించావు, చాలా బాగుంది. కానీ రెండో పాదంలో విషయం తప్పు. అప్పటికే నడుస్తున్న సైట్లకు ఏమీ కాలేదు. కొత్తగా కట్టబోయినవాళ్లకు బిల్డులు, అంటే కోడు ముక్కలన్నీ కలిపి ప్రోగ్రాము తయారుచేసే పని, ఆగిపోయాయి. బేబెల్, రియాక్ట్ లాంటి కోడు పనిముట్లు వాడేవాళ్లంతా "ఈ లెఫ్ట్-ప్యాడ్ ఏంటి, మన ప్రాజెక్టులోకి ఎప్పుడొచ్చింది" అని తలలు పట్టుకున్నారు. రెండు గంటల్లో దాన్ని తిరిగి పెట్టించారు. "పెద్ద పెద్ద బిల్డ్లు బిక్కచచ్చె" అంటే గణాలకూ ఇబ్బంది లేదు, నిజానికీ ఇబ్బంది లేదు.

యతిభీమ:
"లేకున్నఁ" అని అరసున్న పెట్టి తరువాత "పెద్ద" అంటారా? "బెద్ద" కావాలి. అరసున్న తీసేసినా సరే. సగం సంప్రదాయం వద్దు.

తెనాలి తమ్ముడు:
"బిల్డ్లు", "బెద్ద" రెండూ తీసుకున్నాను అక్కా, భీమగారూ.

గోదారిగట్టు:
ఇంత చిన్న మెట్టు దగ్గరే ఆగితే ఎలాగండీ, కాస్త ఆకాశం వైపు చూడండి.

పదియునాఱు బిట్ల పాత్రలో నఱువది
నాల్గు బిట్ల సంఖ్య నదుమఁబోవ
నింగి నంటు తేరు నిమిషము నిలువదు
ఈగ వాలినంత నేన్గు గూలె

1996 జూన్ 4, ఫ్రెంచ్ గయానాలోని కూరూ. ఏరియాన్ 5 తొలి ప్రయోగం. అరవై నాలుగు బిట్ల దశాంశ సంఖ్యను పదహారు బిట్ల పూర్ణాంకంలోకి మార్చబోయి దారి చూపే కంప్యూటరు చేతులెత్తేసింది. దానికి తోడుగా పెట్టిన రెండోదీ అదే కోడు నడుపుతోంది కాబట్టి అదీ పోయింది. 37 సెకన్లకే రాకెట్టు దారి తప్పింది, ఆ వెంటనే పేలిపోయింది. అందులో ఉన్న నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలూ బూడిదయ్యాయి.

నాకు ఇందులో కడుపు తరుక్కుపోయేది వేరే ఉంది. ఆ లెక్క ఏరియాన్ 4 కోసం రాసింది. ఏరియాన్ 5లో నేల వదిలాక దానికి పనే లేదు. ఉన్నది ఎందుకు తీయడంలే అని వదిలేశారు. పాత రాకెట్టు అంత వేగంగా పక్కకు పోదు కాబట్టి సంఖ్య ఎప్పుడూ పట్టేది. కొత్తది పోయింది, పట్టలేదు.

పాలమూరి పద్యం:
కథ మంచిగ చెప్పిన్రు గట్టుగారూ, నాకు తెల్వని ముచ్చట రెండు దొరికినయ్. ఇగ పద్యంకు వద్దాం. రెండో పాదంల యతి ఏడుంది? "నాల్గు" దగ్గర నా. "సంఖ్య నదుమ" అంటే సంఖ్యను + అదుమ. అక్కడున్నది అకారం, నకారం కాదు. నా–అ ఎట్ల కలుస్తయ్?

గోదారిగట్టు:
వినడానికి నకారమే కదండీ. చెవికి ఇంపుగా ఉంటే చాలదా?

పాలమూరి పద్యం:
చాలదు. నిర్వాహకులిచ్చిన పాదమే చూడున్రి. ఈగ... నేన్గు. ఈకారంకు "నే" ఎట్ల కుదిరింది? వాలినంతన్ + ఏన్గు అని విడదీస్తే లోపల ఏకారం ఉన్నది కాబట్టి. ఈ–ఏ కలిసినయ్. అదే సూత్రం మీద నిలబడ్డ సమస్యకు పూరణ రాసి, అదే సూత్రంను రెండో పాదంల తప్పితే ఎట్ల?

యతిభీమ:
పాలమూరివారి మాటే మాట. సమస్య పాదంతోనే సాక్ష్యం చెప్పించడం నాకు చాలా నచ్చింది.

చాటువు (నిర్వాహకులు):
"నాల్గు బిట్ల సంఖ్య నాటఁబోవ" అనుకుందాం. నా–నా. బలవంతంగా దిగగొట్టడమన్న భావం కూడా వస్తుంది. గట్టుగారి పద్యం ఇకనుంచి ఇలాగే చదువుకుందాం.

గోదారిగట్టు:
నాటఁబోవ బాగుందండీ, ఉంచేయండి. కానీ యతి దగ్గర ఇంత పట్టుదల ఉన్న పాలమూరివారు పోయినసారి ప్లూటో పద్యంలో "ఓట్లు వేసి గ్రహము నూడఁబెఱికె" అన్నారు కదా. "గ్ర" ముందు "సి" గురువవదా? అప్పుడు రెండో గణం ఏమైనట్టు?

పాలమూరి పద్యం:
వచ్చింది ప్లూటో! "వేసి" వేరే పదం, "గ్రహము" వేరే పదం, నడుమ సమాసం లేదు. "సి" లఘువే. ఆ పాదంల ఓ–ఊ యతి సంగతి మాత్రం ఎవ్వరూ ఎత్తరు.

గోదారిగట్టు:
యతి ముచ్చటగానే ఉందండీ, కాదనలేదు. 2006 ఆగస్టు 24న ప్రాగ్‌లో ఖగోళ శాస్త్రవేత్తలు చేతులెత్తి ఓటేసిన సంగతి ఒక్క పాదంలో ఇమిడ్చారు. నేను గణం గురించే అడిగాను.

చాటువు (నిర్వాహకులు):
దండం పెట్టి మరీ అడిగాను. ఆ గ్రహాన్ని అక్కడే వదిలేయండి.

డల్లాస్ కోడలు:
రాకెట్లూ గ్రహాలూ దిగి విమానాల దగ్గరికి రండి. 2024 జులై 19.

చేతి వ్రాత తోడఁ జీటీలు పంచిరి
నీలి తెరలు చూచి నేల విడని
లోహపక్షు లెక్కు లోకుల కెల్లను
ఈగ వాలినంత నేన్గు గూలె

ఆ రోజు శంషాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఒక ప్రయాణికుడి చేతి రాత బోర్డింగ్ పాసు ఫొటో ఇక్కడ డల్లాస్ దాకా వచ్చింది. పేరు, సీటు, గేటు, అన్నీ పెన్నుతో రాసినవే. క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా కంపెనీ పంపిన ఒక్క ఫైలు వల్ల 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర వేసి కూర్చున్నాయి. అది ప్రపంచంలోని విండోస్ కంప్యూటర్లలో ఒక శాతం కూడా కాదని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఆ ఒక్క శాతంలోపే విమానాలు, ఆసుపత్రులు, బ్యాంకులు అన్నీ ఉన్నాయి.

బగ్గుల భాగవతార్:
ఈ పద్యంలో ఏనుగు కనిపిస్తోంది. ఈగ ఏదమ్మా?

డల్లాస్ కోడలు:
ఇరవై ఒకటో గడి. ఆ ఫైలులోని నియమం ఇరవై ఒక్క విలువలు చూడాలనుకుంది. కింద ఉన్న కోడు ఇరవయ్యే ఇచ్చింది. లేని ఇరవై ఒకటోదాన్ని చదవబోయి, తనది కాని మెమరీలో చెయ్యి పెట్టింది. అది నడిచేది కెర్నెల్‌లో, అంటే విండోస్ గుండెకాయలో కాబట్టి కంప్యూటరు మొత్తం పడిపోయింది. ఒక్కో మెషీను దగ్గరికి వెళ్లి, సేఫ్ మోడ్‌లో లేపి, 291 నంబరున్న ఆ ఫైలు వెతికి తీసేయాలి. నేను ఆ శుక్రవారం రాత్రంతా ఫోనులో ఒకావిడకు తాళం పడ్డ డిస్కును తెరిచే రికవరీ కీ చదివి వినిపిస్తూనే ఉన్నాను. నలభై ఎనిమిది అంకెలు. మధ్యలో ఒకటి తప్పితే మళ్లీ మొదటికి. ఆవిడకు టెన్షన్, నాకు అంతకన్నా టెన్షన్.

యతిభీమ:
చే–జీ, నీ–నే, లో–లో. ఎక్కడా వేలు పెట్టడానికి లేదు. రెండో పాదం చివర "నేల విడని" అని ఆపి, మూడో పాదంలో "లోహపక్షులు" అందించడం చెయ్యి తిరిగినవాళ్ల పని.

పాలమూరి పద్యం:
కోడలుగారి పద్యం ఫస్ట్ క్లాస్. గట్టుగారూ, "చేతి వ్రాత" అన్నప్పుడు "తి" గురువు కాలేదా మరి?

గోదారిగట్టు:
వ్రాత తెలుగు మాటండీ, రేఫను తేలగా పలుకుతాం. గ్రహం సంస్కృతం. రెండూ ఒకటేనా?

చాటువు (నిర్వాహకులు):
పూరణలు కావాలి నాకు, పూరణలు!

పాలమూరి పద్యం:
తీసుకోండ్రి.

అరసెకండు జాగు నరసిన మావటి
కంటి కునుకు లేక కాచుచుండ
ఎపుడు నెచటఁ జెప్పు మెవ్వారు గాంచిరి
ఈగ వాలినంత నేన్గు గూలె?

2024 మార్చి 29. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ సాఫ్ట్‌వేరు ఉదంతం. ఆండ్రెస్ ఫ్రాయిండ్ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేరు రాసేవాళ్లల్ల ఒకడు. పోస్ట్‌గ్రెస్ గుర్తు ఏనుగు, కాబట్టి ఆయన మావటి. తన ఏనుగు ఎంత వేగంగ నడుస్తదో కొలుస్తుంటే దూరంల ఉన్న కంప్యూటర్లకు పోయే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను లేటయితున్నది. వేరేవాళ్లయితే నెట్టు స్లో అనుకుని చాయ్ తాగేటోళ్లు. ఆయన తవ్విండు. లోపల దొంగదారి దొరికింది. జియా టాన్ అన్న పేరుతోని ఎవరో రెండేండ్లు ఓపికగ పని చేసి, నమ్మకం సంపాదించి, ఎక్స్‌జెడ్ లైబ్రరీల పెట్టిన దొంగదారి అది. ఇంకొన్ని వారాలు ఎవ్వరూ చూడకుంటే స్థిరమైన లినక్స్ వర్షన్లల్లకు పోయేదే.

తెనాలి తమ్ముడు:
అరసెకండు... అరసిన! ఐదారుసార్లు పైకి చదువుకున్నాను.

యతిభీమ:
నేనూ చదువుకున్నాను. జాగును + అరసిన. అకారానికి అకారం. గట్టుగారికి చెప్పిన సూత్రాన్ని తను పాటించి చూపించారు. పైగా కొత్త మాట "సెకండు"ను పాత క్రియ "అరయు" పక్కన కూర్చోబెట్టారు. ఈ ఏడాది ఇక్కడ నేను చదివిన మొదటి పాదాల్లో ఇదే మేలు.

గోదారిగట్టు:
మొదటి పాదానికి నా చప్పట్లు కూడా. కానీ ఏనుగు పడిందని సమస్య చెబుతుంటే, పడలేదని ప్రశ్నార్థకం పెట్టి తప్పించుకోవడం అందరికీ తెలిసిన కిటుకే కదండీ. మేం నలుగురం ఏనుగును నిజంగా పడగొట్టి చూపించాం.

పాలమూరి పద్యం:
మీ నాలుగు కథలల్ల ఎవ్వడూ చూస్తలేడు, అందుకే పడ్డది. నా కథల ఒకడు చూసిండు. ప్రశ్న లేకుంటే ఈ ముచ్చట చెప్పనే రాదు.

డల్లాస్ కోడలు:
నేను పాలమూరివారి వైపే. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఎక్స్‌జెడ్‌ను ఏళ్ల తరబడి దాదాపు ఒక్క మనిషే చూసుకుంటూ వచ్చాడు, జీతం లేకుండా. అలసిపోయానని, ఆరోగ్యం బాగాలేదని రాసుకున్నాడు. అప్పుడే ఎవరెవరో కొత్త పేర్లతో వచ్చి, "పని నిదానంగా సాగుతోంది, ఇంకొకరికి అప్పగించు" అని ఒత్తిడి పెట్టారు. సాయం చేస్తానని చేరినవాడే దొంగ. ఆ సాఫ్ట్‌వేరును వాడుకుని కోట్లు గడించే కంపెనీల్లో ఒక్కటి ముందే ఆయన పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టి ఉంటే ఈ కథే ఉండేది కాదు. నాకు ఇది తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

బగ్గుల భాగవతార్:
ఎక్స్‌జెడ్ అనే ఆ ముసలి ఏనుగును ఒంటరిగా మేపినవాడి మీద కూడా ఒక పద్యం కావాలి కోడలమ్మా. మావటి కీర్తి సరే, మేత పెట్టినవాడి సంగతి?

చాటువు (నిర్వాహకులు):
ఆదివారం రాత్రి పది దాటింది. నిర్మాణంలో కోడలుగారిది, ఒక్క పాదంలో మెరుపు పాలమూరివారిది, కథనంలో గట్టుగారిది. ఈ వారం మేటి పూరణగా "అరసెకండు" పద్యాన్నే తీసుకుంటున్నాను. గట్టుగారి అభ్యంతరం నాకు తెలుసు. అయినా సమస్యను ఎదిరించి నిలబెట్టడం కూడా పూరణే, పైగా ఇక్కడ జరిగింది నిజంగా అదే.

భాగవతార్‌గారు చెప్పింది బాగుంది. వచ్చే వారం పాదం దాని మీదే ఇస్తాను.

గోదారిగట్టు:
తీర్పు శిరసావహిస్తానండీ. పాలమూరివారికి అభినందనలు. "గ్రహము" సంగతి మాత్రం విడిగా ఇంకో చోట తేల్చుకుందాం.

పాలమూరి పద్యం:
రాండ్రి, ఎప్పుడంటే అప్పుడు.