అమ్మ కీళ్లవాతానికి వారం మాత్రా, పొట్లాల మందా?

తణుకు అబ్బాయి:
మా అమ్మకి 54. ఆరు నెలలుగా పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి గంటన్నర దాకా పాలగిన్నె కూడా పట్టుకోలేకపోతోంది, రెండు మణికట్లూ వాచాయి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేల్చి మెథోట్రెక్సేట్ రాశారు, వారానికి ఒక్కసారి 15 మిల్లీగ్రాములు, వేరే రోజు ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్ర. పిన్ని ఫోన్లో వెతికితే క్యాన్సర్ మందు అని వచ్చింది. అంతే, అమ్మ ఆ స్ట్రిప్ ముట్టుకోవట్లేదు. పక్కూళ్లో ఒకాయన ఇచ్చే పొట్లాలకి మూడు రోజుల్లో తగ్గిందని మేనత్త ఒకటే పోరు. ఏం చెయ్యమంటారు?

పెరటి వైద్యం:
ఇంగ్లీషు మందులు నొప్పిని అణచిపెడతాయి తప్ప జబ్బుని తియ్యవు బాబూ. ఆయుర్వేదంలో దీన్ని ఆమవాతం అంటారు, మనకి ఎప్పట్నుంచో తెలిసిన జబ్బే. కోయంబత్తూరులో 43 మంది మీద ఆయుర్వేదాన్నీ ఈ మెథోట్రెక్సేట్‌నీ పక్కపక్కన పెట్టి చూశారు, 2011లో పేపరు కూడా వచ్చింది, ఫలితంలో పెద్ద తేడా లేదు. ముందు వంకాయ, బంగాళాదుంప మానిపించండి.

మందుల కౌంటర్:
ఆ పేపరు నిజమే అండీ, కానీ 43 మంది అంటే ప్రాథమిక పరిశీలన. పైగా అక్కడ చదువుకున్న వైద్యులు మనిషిని బట్టి మందు ఇచ్చారు, పేరూ ఊరూ లేని పొట్లం కాదు. మూడు రోజుల్లో వాపు తగ్గిందంటే నాకు మొదట వచ్చే అనుమానం స్టెరాయిడ్. డాక్టర్లూ మొదట్లో కొన్నాళ్లు స్టెరాయిడ్ ఇస్తారు, అయితే ఎంత ఇస్తున్నారో రాసి, మెల్లగా తగ్గిస్తారు. పొట్లంలో ఎంతుందో ఎవరికి తెలుసు? మా మేనమామ రెండేళ్లు అలాగే మింగాడు, మొహం గుండ్రంగా ఉబ్బింది, లేని షుగర్ వచ్చింది, ఉన్నట్టుండి మానేస్తే కళ్లు తిరిగి పడిపోయాడు.
వంకాయ పాపం ఏం చేసిందండీ, పడకపోతే మానండి, పడితే తినండి.

ఉండి రోడ్డు:
క్యాన్సర్ మందు అని భయపడుతున్నారు కదా, ఆ మందు కథ మా భీమవరంలో మొదలవుతుంది. 1895లో ఇక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా వెళ్లి, లెడర్లీ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీలో తన బృందంతో ఫోలిక్ యాసిడ్‌కి అడ్డుపడే మందులు తయారు చేయించారు. అందులో ఒకటి పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి పనిచేసిందని 1948లో ఫార్బర్ అనే అమెరికా డాక్టర్ చూపించాడు, దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. క్యాన్సర్‌కి ఒక్కోసారి గ్రాముల లెక్కన ఎక్కిస్తారు, కీళ్లకి వారానికి మహా అయితే 25 మిల్లీగ్రాములు. 1988లో అమెరికా వాళ్లు దీన్ని రుమటాయిడ్‌కీ ఒప్పుకున్నారు. పేరొక్కటే, మోతాదు వేరు.

ఇద్దరు పిల్లల తల్లి:
తొమ్మిదేళ్లుగా వాడుతున్నదాన్ని, ఉన్నమాట చెప్తాను తమ్ముడూ. మరుసటి రోజు వికారంగా ఉంటుంది, అందుకే నేను శనివారం రాత్రి తిని వేసుకుంటాను. జుట్టు కొంచెం ఊడింది. మొదటి రెండు నెలలు ఏ మార్పూ తెలియలేదు, అందరూ మానేసేది అక్కడే. రక్తకణాలు, లివర్, కిడ్నీ టెస్టులు ఎగ్గొట్టకూడదు, మొదట్లో మరీ తరచుగా. కడుపుతో ఉన్నప్పుడు అస్సలు వేసుకోకూడదు, రెండో బాబు కోసం నేను డాక్టర్‌ని అడిగి ముందే ఆపేశాను, మీ అమ్మకి ఆ గొడవ లేదు. మొదటి ఏడాది నేను కూడా పసర్లు పట్టుకుని తిరిగాను. అప్పుడు వంకరపోయిన రెండు వేళ్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

మేడ మీద గది:
మా అత్తగారికి మోకాళ్లు అరిగాయన్నారు, ఇదే మాత్ర అడగొచ్చా?

మందుల కౌంటర్:
వద్దండీ, అది వేరే జబ్బు. అరుగుదలకి తొడ కండరాల వ్యాయామం, నడక, బరువు తగ్గడం. రుమటాయిడ్‌లో మన ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద పడుతుంది, ఈ మందు దాన్ని నెమ్మదింపచేస్తుంది. నొప్పిని అణచిపెట్టడమే తప్ప జబ్బుని తియ్యవన్న పెరటి వైద్యం గారికి ఇదే నా జవాబు.

పెరటి వైద్యం:
సరే, పేరులేని పొట్లం వద్దనే నేనూ అంటాను. కానీ చీటీ రాసి రెండు నిమిషాల్లో పంపించేస్తే జనం పొట్లాలకి పోక ఏం చేస్తారు? క్యాన్సర్ మాట ఆ డాక్టరే ముందు విడమరిచి చెప్తే ఈ అబ్బాయి ఇక్కడ అడగాల్సిన పనే లేదు.

ఇద్దరు పిల్లల తల్లి:
అది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

తణుకు అబ్బాయి:
భీమవరం ఆయన సంగతి అమ్మకి చదివి వినిపించాను. "మన పక్కూరాయనేనా!" అని రెండుసార్లు అడిగింది. నిన్న రాత్రి మొదటి డోసు వేసుకుంది. బీపీ మాత్రతో పాటు రోజూ మింగేస్తుందేమోనని నాకు టెన్షన్, అలా చేస్తే ప్రాణం మీదకొస్తుందని ఫార్మసిస్ట్ గట్టిగా చెప్పాడు, అందుకే స్ట్రిప్ విడిగా డబ్బాలో పెట్టి మీద ఎర్ర స్కెచ్‌తో "ఆదివారం మాత్రమే" అని రాశాను. నెల తిరగ్గానే రక్తపరీక్ష. మేనత్త ఇంకా అలిగే ఉంది.